బెల్టు గెలవలేదు, మిగిలింది

"డైరెక్ట్ డ్రైవా? అది డీజేల సరుకండీ. కూర్చుని పాట వినేవాళ్ళకి బెల్టే."

ఖరీదైన ఆడియో సామాను అమ్మే దుకాణంలో అడుగుపెట్టినా, ఎల్పీ రికార్డులు పోగేసేవాళ్ళు నలుగురు ఒకచోట చేరినా ఈ మాట వినబడుతుంది. చెప్పేవాళ్ళు దీన్ని తమ అభిప్రాయంగా చెప్పరు. నీళ్ళు పల్లానికి పారతాయన్నంత ధీమాగా చెప్తారు. 2010లో ఆపేసిన ఎస్ఎల్-1200 టర్న్‌టేబుల్‌ని 2016లో టెక్నిక్స్ కంపెనీ కొత్త మోటారుతో, 4,000 డాలర్ల ధరతో మళ్ళీ తెచ్చినప్పుడు ఆ మాటకి తోక కూడా మొలిచింది: "పాతరోజుల మీద బెంగని అమ్ముకుంటున్నారు. నాలుగు రోజుల ముచ్చట." ఆ నాలుగు రోజులు ఇంకా పూర్తి కాలేదు.

ఈ రెండు మాటలూ తప్పని చెప్పడానికే ఈ వ్యాసం. నా వాదం చిన్నది. బెల్టు టర్న్‌టేబుల్ పోటీలో నెగ్గి మేటి అనిపించుకోలేదు. పోటీదారు బరి వదిలి వెళ్ళిపోతే మిగిలింది. మిగిలినవాడు చెప్పిన చరిత్రని మనం యంత్రశాస్త్రం అనుకుని నమ్ముతున్నాం.

ముందు తెలియనివాళ్ళ కోసం అసలు తేడా చెప్తాను. రికార్డు కూర్చునే పళ్ళాన్ని తిప్పడానికి మూడు దారులున్నాయి. అన్నిటికంటే పాతది, జోరుగా తిరిగే మోటారుకీ పళ్ళెం అంచుకీ మధ్య ఒక రబ్బరు చక్రాన్ని ఆనించి తిప్పడం. 1950ల నాటి ఇంగ్లండ్ గరార్డ్ 301 అలాంటిదే. రెండోది, మోటారుని ఓ పక్కకి జరిపి రబ్బరు బెల్టుతో పళ్ళాన్ని లాగడం. మూడోది, మధ్యలో ఏమీ పెట్టకుండా పళ్ళెం ఇరుసునే మోటారు ఇరుసుగా చెయ్యడం. ఇదే డైరెక్ట్ డ్రైవ్. మన ఇళ్ళల్లో వీటికి పోలికలు లేకపోలేదు. రాట్నం బెల్టు పద్ధతి. చక్రానికీ కదురుకీ మధ్య దారం ఉంటుంది. తిరగలి డైరెక్ట్ డ్రైవ్. పిడి రాయిలోనే దిగేసి ఉంటుంది. నెత్తిమీద తిరిగే సీలింగ్ ఫ్యానూ అంతే. మోటారుకీ రెక్కలకీ మధ్య బెల్టు వేస్తే గాలి తియ్యగా వీస్తుందని ఇంతవరకూ ఎవరూ అనలేదు.

మరి రికార్డు ప్లేయర్లో బెల్టు ఎందుకొచ్చింది? పాత మోటార్లు నిమిషానికి వెయ్యికి పైగా చుట్లు తిరిగేవి. వాటి వణుకు రబ్బరు చక్రం మీదుగా పళ్ళానికీ, అక్కణ్ణుంచి రికార్డుకీ, ముల్లుకీ పాకి, స్పీకర్లో గుర్రుమనే రొదగా పలికేది. 1961లో అమెరికాలో ఎడ్గార్ విల్చర్ అకౌస్టిక్ రీసెర్చ్ కంపెనీ తరఫున దీనికి చక్కటి విరుగుడు కనిపెట్టాడు. చిన్న మోటారు పెట్టి, పళ్ళాన్నీ ముల్లు మోసే చేతినీ ఒకే చట్రానికి బిగించి, ఆ చట్రాన్ని స్ప్రింగుల మీద వేలాడదీసి, మోటారునీ పళ్ళాన్నీ రబ్బరు బెల్టుతో కలిపాడు. మోటారు వణుకుని రబ్బరు మింగేసింది. ఆ రోజుకి అది గొప్ప పని. దాని గొప్పతనాన్ని కాదనడం నా ఉద్దేశం కాదు.

అయితే 1970లో జపాన్ కంపెనీ మత్సుషితా తన టెక్నిక్స్ పేరు మీద ఎస్పీ-10ని మార్కెట్లోకి తెచ్చింది. షుయిచి ఒబాటా అనే ఇంజనీరు బృందం చేసిన ఆ యంత్రంలో మోటారు నిమిషానికి 33⅓ చుట్లే తిరుగుతుంది. అంటే ఒక్కో చుట్టుకి 1.8 సెకన్లు. జోరుగా తిరిగే భాగమంటూ అందులో లేదు. తిరిగే ఇరుసు ఒక్కటే, అదీ గడియారం ముల్లుని తలపించేంత నింపాదిగా. బెల్టు ఒక మందు. జోరు మోటారు వణుకనే జబ్బుకి కనిపెట్టిన మందు. ఆ జబ్బే లేని ఒంటికి కూడా మందు తప్పదంటే, ఎందుకో చెప్పాల్సిన బాధ్యత బెల్టు పక్షం వాళ్ళది.

వాళ్ళు చెప్పకపోలేదు. డైరెక్ట్ డ్రైవ్‌కి దాని జబ్బులు దానికున్నాయంటారు. ముఖ్యంగా మూడు నేరాలు మోపుతారు. ఒక్కొక్కటే చూద్దాం.

మొదటిది కుదుపు. మోటారులో తీగ చుట్టిన ఇనప పళ్ళుంటాయి, ఎదురుగా అయస్కాంతాలుంటాయి. అయస్కాంతం ఒక పన్ను దాటి ఇంకో పన్ను దగ్గరికి వెళ్ళేటప్పుడు చిన్న జర్కు వస్తుంది. బెల్టు ఉంటే అది రబ్బరులో కలిసిపోతుంది. డైరెక్ట్ డ్రైవ్‌లో నేరుగా రికార్డుకి తగులుతుంది. ఇదీ ఆరోపణ. తొలినాటి మోటార్లకి ఇది వర్తిస్తుంది, నిజమే. కానీ 1970లు ముగిసేలోపే సోనీ పళ్ళు లేని మోటార్లు చేసింది. ఆ వెనువెంటనే వచ్చిన కెన్‌వుడ్ ఎల్-07డీలో ఇనుము లేని మోటారే ఉంది. 2016 నాటి ఎస్ఎల్-1200జీలో తీగచుట్లకి ఇనప గుండెకాయే లేదు. వాటికి కిందా పైనా అయస్కాంతాలు. ఇనుమే లేనిచోట పళ్ళు లేవు, పళ్ళు లేనిచోట ఆ కుదుపూ లేదు. ఇప్పటి యంత్రాన్ని ఈ కారణంతో తప్పుపట్టడం, అమ్మమ్మ కాలంలో కట్టెల పొయ్యి మీద అన్నం మాడిందని ఇవాళ్టి కుక్కర్ని తిట్టడం లాంటిది. ఇంకో సంగతి చెప్పరు. బెల్టు టర్న్‌టేబుళ్ళలో ఉండే చిన్న మోటార్లకీ పళ్ళున్నాయి, కుదుపుంది. దాన్ని రబ్బరు కొంత దాస్తుంది, పూర్తిగా మాపలేదు.

రెండోది సర్వో మీద నేరం. డైరెక్ట్ డ్రైవ్‌లో ఒక ఎలక్ట్రానిక్ సర్క్యూట్ పళ్ళెం వేగాన్ని కనిపెడుతూ, తగ్గితే పెంచుతూ, పెరిగితే తగ్గిస్తూ ఉంటుంది. "నిమిషం కుదురుండదు, ఎప్పుడూ వెతుకులాటే, ఆ గాబరా పాటలో వినబడుతుంది" అంటారు. సైకిలు నేర్చుకునేవాణ్ణి చూడండి. హ్యాండిల్ అటూ ఇటూ విసురుతూ రోడ్డంతా తనదే అన్నట్టు పోతాడు. బాగా వచ్చినవాడూ హ్యాండిల్ని క్షణక్షణం సరిచేసుకుంటూనే ఉంటాడు. అది మన కంటికి ఆనదు, అంతే తేడా. చవక సర్వో మొదటివాడు, మంచి సర్వో రెండోవాడు. 1975లో వచ్చిన ఎస్పీ-10 మార్క్ 2 క్వార్ట్జ్ స్ఫటికం తాళానికి మోటారుని కట్టేసింది. దాని వేగంలో ఊగిసలాట 0.025 శాతం. పావు సెకనులో పూర్తి వేగం అందుకునేది. పోనీ, సరిదిద్దుకోవడమే పాపమనుకుందాం. అదే దుకాణంలో పక్క అరలో ఉన్న ఆంప్లిఫయర్లలో నూటికి తొంభై తమ తప్పు తాము దిద్దుకునే సర్క్యూట్ల మీదే నడుస్తాయి. వాటిని గాబరా యంత్రాలని ఎవరూ అనరేం?

సర్వోని ఎగతాళి చేసినవాళ్ళు చివరికి ఎక్కడికొచ్చారో చూడాలి. బెల్టు మతానికి గ్లాస్గో ఒక పీఠం. ఐవర్ టీఫెన్‌బ్రన్ నెలకొల్పిన లిన్ కంపెనీ 1970ల తొలినాళ్ళ నుంచి సోండెక్ ఎల్పీ12ని చేస్తోంది. మంచి యంత్రం, సందేహం లేదు. దాని మొదటి మోటారు కరెంటు లైను మీద ఆధారపడేది. 1982లో వాళ్ళే వల్హల్లా అనే స్ఫటికపు సర్క్యూట్ తెచ్చారు. 2009లో రాడికల్ అనే డీసీ మోటారు ఏర్పాటు తెచ్చారు. అందులో పళ్ళెం తిరిగే వేగాన్ని కనిపెట్టే సెన్సర్ ఉంది, వేగాన్ని దిద్దే సర్క్యూట్ ఉంది. స్ఫటికం వచ్చింది, డీసీ మోటారు వచ్చింది, వేగం కనిపెట్టే కన్ను వచ్చింది. పాతది మిగిలింది ఆ రబ్బరు ముక్క ఒక్కటే. ముప్ఫై ఏళ్ళ పాటు ఎదుటివాణ్ణి తిట్టి, అతని పెరట్లోంచి ఒక్కో మొక్కా తెచ్చుకుని నాటుకున్నట్టుంది ఈ వ్యవహారం.

మన దక్షిణాదివాళ్ళకి ఈ సంగతి ఇంకొంచెం దగ్గరగా తెలియాలి. కరెంటు లైను మీద ఆధారపడే బెల్టు మోటారు, లైన్లో సెకనుకి ఎన్ని ఆవృత్తులుంటే ఆ లెక్కన తిరుగుతుంది. 50 ఉండాల్సిన ఫ్రీక్వెన్సీ మన దక్షిణాది గ్రిడ్‌లో 2003కి ముందు 48 దరిదాపులకి జారడం మామూలు. 50కి 48 అంటే నాలుగు శాతం తక్కువ. రెండున్నర కట్టైలో పాడిన గాయకుడి శ్రుతి ఇంచుమించు ముప్పాతిక మెట్టు కిందికి దిగిపోతుంది. ఫ్యాను నెమ్మదించినట్టే పాటా నెమ్మదిస్తుంది. స్ఫటికానికి కట్టిన మోటారుకి ఈ బాధ లేదు. నేటి మంచి బెల్టు యంత్రాలకీ లేదు, నిజమే. ఆ బాధ పోగొట్టే పెట్టెకి వాళ్ళు విడిగా డబ్బులు తీసుకుంటారు, అంతే.

మూడో నేరం: మోటారు సరిగ్గా రికార్డు కిందే ఉంటుంది కాబట్టి దాని చప్పుడు ముల్లుకి చేరుతుందని. దీనికి జవాబు అంకెల్లో వెతకనక్కర్లేదు, రికార్డు పుట్టిన చోటికి వెళితే చాలు. ఎల్పీ గాడి మొదట లక్క పూత పళ్ళెం మీద లేతుతో చెక్కుతారు. ఆ లేతుల కోసం టెక్నిక్స్ ఎస్పీ-02 అనే డైరెక్ట్ డ్రైవ్ మోటారు ప్రత్యేకంగా చేసింది. జర్మనీ నాయ్‌మన్ లేతుల మీద దాన్ని బిగించి స్టూడియోలు మాస్టర్లు చెక్కాయి. చెక్కేటప్పుడు పనికొచ్చిన మోటారు వినేటప్పుడు మాత్రం పనికిరాదా? అచ్చు కూర్చినవాడి కళ్ళజోడుని నమ్మి, అదే రకం కళ్ళజోడుతో చదవనన్నాడట వెనకటికి ఒకడు. రేడియో వాళ్ళదీ ఇదే కథ. జర్మనీలో ఈఎంటీ కంపెనీ 1970లలో ప్రసార కేంద్రాల కోసం చేసిన 950 మోడల్ డైరెక్ట్ డ్రైవే. బీబీసీ స్టూడియోల్లో తిరిగిందీ ఎస్పీ-10 మార్క్ 2యే. రోజంతా రికార్డులు వేస్తూ, చిన్న రొదని కూడా లక్షల మందికి వినిపించే ప్రమాదమున్న చోట ఇంజనీర్లు ఎంచుకున్నది ఏమిటో గమనించండి.

ఇక "డీజేల సరుకు" అన్న మాట. ఇది వాదం కాదు, చిన్నచూపు. 1972లో ఎస్ఎల్-1200 పుట్టినప్పుడు దాన్ని ఉద్దేశించింది ఇంట్లో కూర్చుని వినేవాళ్ళకే. 1973 ఆగస్టు 11న న్యూయార్క్ బ్రాంక్స్‌లో సెడ్జ్‌విక్ అవెన్యూ 1520 నంబరు భవనంలో డీజే కూల్ హెర్క్ విందు జరిపి హిప్‌హాప్‌కి నాంది పలికిన తర్వాత, రికార్డుని చేత్తో పట్టుకుని వెనక్కి తిప్పినా, వదలగానే ఠక్కున వేగం అందుకునే యంత్రం ఆ డీజే కుర్రాళ్ళకి కావాల్సొచ్చింది. బెల్టు యంత్రం మీద ఆ పని చేస్తే బెల్టు జారుతుంది, సాగుతుంది. అందుకే వాళ్ళు డైరెక్ట్ డ్రైవ్‌ని ఎత్తుకుపోయారు. 1979లో వచ్చిన ఎస్ఎల్-1200 మార్క్ 2లో వాళ్ళకి అనువుగా వేగం మార్చే జారుడు మీట చేరింది. లోపలి ఇరుసూ, మోటారూ సంగీతం వినేవాడి కోసం చేసినవే. లారీ డ్రైవర్లు తాగుతారు కాబట్టి టీ పెద్దమనుషుల పానీయం కాదని ఎవరైనా అంటే నవ్వుతాం. రాత్రంతా పొగలో, చెమటలో, బాసు దరువులో ఏళ్ళ తరబడి తిరిగి చెక్కుచెదరని యంత్రం ఇంట్లో గాజు బీరువా పక్కన నిలవలేదంటే మాత్రం తల ఊపుతాం!

సరే, ఇంత బలమున్నది మరి ఓడిపోయినట్టు ఎలా కనిపించింది? అసలు కథ ఇక్కడుంది.

మంచి బెల్టు టర్న్‌టేబుల్ చెయ్యడానికి ఏం కావాలి? ఒక లేతు, నాణ్యమైన పోతపని, బయట దొరికే చిన్న మోటారు, ఒక రబ్బరు బెల్టు, చేతిపనిలో శ్రద్ధ. పది మంది ఉన్న వర్క్‌షాపు చాలు. మంచి డైరెక్ట్ డ్రైవ్ చెయ్యడానికి? అయస్కాంతాలకి ప్రత్యేకమైన అచ్చులు, తీగచుట్ల డిజైను, వేగం కొలిచే ఏర్పాటు, దాన్ని నడిపే ఐసీలు, ఇవన్నీ తెలిసిన ఇంజనీర్ల దండు. అది మత్సుషితా, సోనీ, విక్టర్, డెనాన్, పయనీర్, యమహా, కెన్‌వుడ్ లాంటివాళ్ళ పని. 1970ల చివరి నుంచి వీళ్ళ మధ్య జరిగిన పోటీ రికార్డు ప్లేయర్ల చరిత్రలో మళ్ళీ జరగలేదు. డెనాన్ పళ్ళెం అంచు లోపల అయస్కాంతపు గుర్తులు వేసి వాటిని టేపురికార్డరు హెడ్డులాంటి దానితో చదివించి వేగం కొలిచింది. టెక్నిక్స్ 1981లో ఎస్పీ-10 మార్క్ 3కి 10 కిలోల పళ్ళెం పెట్టింది. నాకమిచి 1982లో టీఎక్స్-1000 చేసింది. రికార్డు మధ్య చిల్లు పక్కకి జరిగి ఉంటే ఆ యంత్రం తనంతట తానే కనిపెట్టి రికార్డుని సరిచేసుకునేది.

అదే 1982 అక్టోబరులో జపాన్‌లో కాంపాక్ట్ డిస్క్ ప్లేయర్ అమ్మకానికొచ్చింది. అంతే. ఆ పెద్ద కంపెనీలకి గాడి మీద మమకారమేమీ లేదు. లాభం ఎటుంటే అటు ఇంజనీర్లని పంపాయి. కొన్నేళ్ళలో మేటి డైరెక్ట్ డ్రైవ్‌లన్నీ ఒకటొకటిగా కేటలాగుల్లోంచి మాయమయ్యాయి. చిన్న వర్క్‌షాపులు ఎక్కడికి పోతాయి? వాటికి సీడీ ప్లేయర్ చేసే స్తోమత లేదు. అవి ఉన్నచోటే ఉండి, చేసిందే చేస్తూ, కాస్త కాస్త మెరుగుపెట్టుకుంటూ నిలబడ్డాయి. వాటి ఓపికకి నమస్కారం పెట్టాలి. ఎల్పీలు ఈరోజు దాకా బతకడంలో వాళ్ళ వాటా పెద్దది. అయితే ఓపిక వేరు, యంత్ర సూత్రం వేరు. ఊళ్ళో ఉన్న హోటళ్ళన్నీ మూతపడి ఒక్కటే మిగిలితే, కొత్త తరానికి దాని సాంబారే సాంబారు. 1980ల చివరి నుంచి పాతికేళ్ళ పాటు ఖరీదైన టర్న్‌టేబుళ్ళ అరల్లో దాదాపుగా బెల్టువే ఉన్నాయి. సమీక్షకులు వాటి మీదే చెవులు సానబెట్టుకున్నారు. దుకాణదారులు వాటినే అమ్ముకున్నారు. అలవాటు ముదిరి సిద్ధాంతమయింది.

పెద్ద కంపెనీల తప్పు కూడా ఇందులో ఉంది, దాచను. మోటారు చవగ్గా చెయ్యడం తెలిశాక వాళ్ళు డైరెక్ట్ డ్రైవ్ అన్న పేరుని పల్చటి ప్లాస్టిక్ డబ్బాలకీ, నాసిరకం చేతులకీ, రబ్బరు బొడిపెల్లాంటి కాళ్ళకీ అతికించి లక్షల్లో అమ్మారు. స్ప్రింగుల మీద తేలే ఎల్పీ12 పక్కన ఆ డబ్బా పెట్టి వినిపిస్తే ఎవరు నెగ్గుతారో చెప్పనక్కర్లేదు. ఓడింది డబ్బా; శిక్ష మోటారుకి పడింది.

ఇప్పుడు చెవి సంగతి. కొలతలు ఎన్ని చెప్పినా, "అవన్నీ కాగితం మీద, పాటలో వినాలి" అంటారు. మంచిమాట. వినడానికి మనకంటే తగినవాళ్ళెవరు? కర్ణాటక సంగీతం రికార్డు వేస్తే అందులో పాట వెనక తంబుర మోగుతూనే ఉంటుంది. కదలని శ్రుతి. ఆ శ్రుతి ఏ మాత్రం వణికినా చెవికి దొరికిపోతుంది. విద్వాంసుడు స్వరాన్ని కావాలని ఊపితే గమకం. యంత్రం ఊపితే అది ఎవరూ పాడని గమకం.

ఈ ఊపు ఎంత వేగంతో వస్తే చెవికి ఎక్కువ బాధ? సెకనుకి నాలుగుసార్ల దగ్గర. వేగపు ఊగిసలాట కొలిచే అంతర్జాతీయ ప్రమాణాల్లో కూడా ఎక్కువ బరువు ఇచ్చేది అక్కడే. ఇప్పుడు ఒక చిన్న లెక్క. ఎల్పీ12 లాంటి యంత్రాల్లో వాడిన 24 ధ్రువాల మోటారు 50 ఆవృత్తుల కరెంటు మీద నిమిషానికి 250 చుట్లు తిరుగుతుంది. సెకనుకి నాలుగు చుట్లకి కాస్త ఎక్కువ. ఆ మోటారు కప్పీలో వెంట్రుకవాసి వంకరున్నా దాని ఊపు సరిగ్గా చెవి మెత్తగా ఉన్నచోటే గుచ్చుతుంది. మంచి తయారీదారులు ఆ కప్పీని అతి శ్రద్ధగా చెక్కుతారు, అందుకే వాళ్ళవి బాగుంటాయి. డైరెక్ట్ డ్రైవ్‌లో ఆ కప్పీయే లేదు. ఇంకోటి, సాగే బెల్టూ బరువైన పళ్ళెమూ కలిస్తే స్ప్రింగుకి కట్టిన రాయి అవుతుంది. ఒకసారి కదిలిస్తే మెల్లగా ఊగుతుంది. పాటలో గట్టి దరువు వచ్చి ముల్లు కాస్త ఎక్కువ ఒరుసుకుంటే అదే జరిగేది. "మా పళ్ళెం బరువు పన్నెండు కిలోలు, దాని ఊపే దాన్ని నిలబెడుతుంది" అంటారు. బరువు మార్పుని అడ్డుకుంటుంది, అంతవరకు నిజం. అయితే సరైన వేగమేదో బరువుకి తెలియదు.

ఇక్కడ ఎదుటివాళ్ళు వేయదగ్గ గట్టి ప్రశ్న ఒకటుంది. రికార్డు మధ్య చిల్లే సరిగ్గా మధ్యలో ఉండదు కదా, దాని ముందు ఈ 0.025 శాతాలు ఏ మూలకని. చిల్లు 0.2 మిల్లీమీటర్లు పక్కకి జరిగిందనుకుందాం. కేంద్రానికి 60 మిల్లీమీటర్ల దూరంలో ఉన్న లోపలి గాడి దగ్గర వేగం మూడోవంతు శాతం అటూ, మూడోవంతు శాతం ఇటూ ఊగుతుంది. ఒక స్వరస్థానానికీ పక్కదానికీ మధ్య దూరంలో అది సుమారు పదోవంతు. తక్కువేమీ కాదు. కానీ ఆ ఊపు 1.8 సెకన్లకి ఒకసారి వచ్చేది, నెమ్మదైనది. చెవి దాన్ని కొంత మన్నిస్తుంది. పైగా రికార్డుని కాస్త జరిపి మనమే కొంతవరకు సరిచేసుకోవచ్చు. గోడ పగుళ్ళిచ్చిందని కిటికీకి గడియ పెట్టడం మానేస్తామా? ఒక తప్పు పూర్తిగా మన చేతిలో లేనప్పుడు, చేతిలో ఉన్న రెండో తప్పుని తగ్గించుకోవడమే తెలివి.

"పాతరోజుల బెంగ" అన్న రెండో మాటకి వద్దాం. 2014లో టెక్నిక్స్ పేరుని మళ్ళీ బతికించిన బృందానికి నాయకత్వం వహించిన మిచికో ఒగావా ఇంజనీరు, జాజ్ పియానిస్టు కూడా. ఎస్ఎల్-1200 మళ్ళీ చేద్దామంటే పాత అచ్చులు అరిగిపోయి ఉన్నాయి. మోటారు నుంచి పళ్ళెం దాకా కొత్తగా డిజైను చెయ్యాల్సొచ్చింది. కనుక పైన మీటలు, రూపురేఖలు పాతవైనా లోపలిది వేరే యంత్రం. బెంగని వాళ్ళు వాడుకోలేదని నేననను. 1,200 మాత్రమే చేసిన ప్రత్యేక విడతలో జపాన్ వాటా 300 యంత్రాలు అరగంటలో అమ్ముడయ్యాయంటే అందులో బెంగ లేకుండా ఎలా ఉంటుంది? కానీ బెంగతో కొన్న వస్తువు అంతమాత్రాన చెడ్డది కాదు. పుట్టింటి ఆవకాయ మీద బెంగ ఉంటుంది, ఆవకాయా బాగానే ఉంటుంది.

బెంగే కారణమైతే కథ ఒక్క కంపెనీతో ఆగిపోవాలి. ఆగలేదు. 2018లో టెక్నిక్స్ ఎస్పీ-10ఆర్ తెచ్చి ఊగిసలాటని 0.015 శాతానికి దించింది. అదే ఏడాది అమెరికాలో బెల్టుకి పేరుపడ్డ వీపీఐ కంపెనీ తన నలభయ్యో ఏటికి గుర్తుగా హెచ్‌డబ్ల్యూ-40 అనే డైరెక్ట్ డ్రైవ్ విడుదల చేసింది. జర్మనీలో బ్రింక్‌మన్ అంతకుముందు నుంచే చేస్తోంది. స్వీడన్ కంపెనీ సాట్ తన ఎక్స్‌డీ1కి టెక్నిక్స్ మోటారునే తీసుకుని మెరుగుపెట్టుకుంది. బెల్టు యంత్రాలతో పేరు తెచ్చుకున్న థోరెన్స్ తన పాత టీడీ 124 రూపాన్ని డైరెక్ట్ డ్రైవ్‌గా మార్చి మళ్ళీ చేసింది. 2023లో డెనాన్ డీపీ-3000ఎన్ఈతో తిరిగొచ్చింది. యమహా మాత్రం ఒకప్పుడు డైరెక్ట్ డ్రైవ్‌గా చేసిన జీటీ వరసని జీటీ-5000 దగ్గరికొచ్చేసరికి బెల్టుకి మార్చింది. ఎదుటివైపు సాక్ష్యం కూడా చెప్పడం న్యాయం కాబట్టి చెప్తున్నాను. అయినా త్రాసు ఎటు మొగ్గుతోందో కనబడుతూనే ఉంది.

దీని వెనక ఒక మామూలు కారణముంది. 1975లో పెద్ద కంపెనీలకే సాధ్యమైన మోటారు నియంత్రణ ఇవాళ చిల్లర సరుకైపోయింది. మన ఇళ్ళల్లో కరెంటు ఆదా చేస్తాయని బిగించుకుంటున్న బీఎల్‌డీసీ ఫ్యాన్లలో ఉన్నదీ బ్రష్షులు లేని డీసీ మోటారే. వాషింగ్ మెషిన్ మీద "డైరెక్ట్ డ్రైవ్" అన్న స్టిక్కర్ చూసి ఎక్కువ డబ్బిచ్చి కొంటున్నాం. చిప్పులు చవకయ్యాయి, కొలిచే కళ్ళు సన్నబడ్డాయి. అడ్డుగోడ పడిపోయాక చిన్న వర్క్‌షాపు కూడా ఈ దారికి రావచ్చు. కొనేవాళ్ళూ ఉన్నారు: అమెరికాలో 2020లో ఎల్పీల రాబడి సీడీలని దాటింది, 2022లో సంఖ్యలోనూ దాటింది. అమ్మకాలు నాణ్యతకి రుజువు కాదు. తయారుచేసేవాడికి మాత్రం ధైర్యం.

బెల్టు పక్షానికి ఒక్క విషయంలో నేను ఓడిపోతాను. మరమ్మతు. పాత బెల్టు యంత్రానికి బెల్టు మార్చి, నూనె చుక్క వేస్తే చాలు. మన కోస్తా ఎండలకి ఆ బెల్టు సాగి జిగురెక్కినా, కొత్తది తెప్పించుకుంటే పని నడుస్తుంది. నలభై ఏళ్ళ డైరెక్ట్ డ్రైవ్‌లో ఐసీ కాలిపోతే దాని జోడు ఎక్కడా దొరకదు. పది కిలోల శిల్పం మూలన కూర్చుంటుంది. టెక్నిక్స్ 2010లో ఉత్పత్తి ఆపడానికి చెప్పిన కారణాల్లో విడిభాగాలు దొరకడం కష్టమైందన్నదీ ఒకటి. ఇది మోటారు సూత్రంలో ఉన్న లోపం కాదు, కంపెనీల బాధ్యతలో ఉన్న లోపం. ఈ పునరాగమనం నిలబడాలంటే ఇక్కడే నిలబడాలి. 4,000 డాలర్లు, 15,000 డాలర్లు పెట్టి కొనేవాడికి పాతికేళ్ళ తర్వాత కూడా సర్క్యూట్ బోర్డు దొరుకుతుందని కాగితం మీద హామీ కావాలి. ధరలూ దిగాలి, ఉత్సునోమియా ఫ్యాక్టరీలో చేసిన ఖరీదైన యంత్రం నేర్పిన పాఠం మలేసియాలో చేసే మామూలు యంత్రంలోకి రావాలి. అది కొంత మొదలైంది, చాలదు. ఈ రెండూ జరగకపోతే పెద్ద కంపెనీ మళ్ళీ ఒకరోజు లాభం చూసుకుని బరి వదిలిపోతుంది. మిగిలిన బెల్టు మళ్ళీ గెలిచానంటుంది.

కాబట్టి కొనాలనుకునేవాళ్ళకి నా మనవి. దుకాణానికి ఉత్త చేతులతో వెళ్ళకండి. మీకు బాగా తెలిసిన వీణ రికార్డో, తంబుర స్పష్టంగా వినబడే గాత్ర కచేరీ రికార్డో పట్టుకెళ్ళండి. రెండు యంత్రాల మీదా ఒకే ముల్లు పెట్టించి, ఒకే మోతలో, లోపలి గాడుల దగ్గర ఉన్న చివరి పాట వేయించుకోండి. ఏ యంత్రం ఏదో చెప్పవద్దని అడగండి. కళ్ళు మూసుకుని శ్రుతి పట్టుకోండి. తర్వాత విడిభాగాల హామీ అడగండి. ఇంత చేశాక కూడా బెల్టే నచ్చితే నిక్షేపంగా కొనుక్కోండి, నాకే అభ్యంతరమూ లేదు. కౌంటరు వెనకాయన చెప్పాడని మాత్రం కొనకండి.